నేల ఇచ్చే ఇంధనం ఎవరి పొయ్యికి?



హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ళు కొని ఇంటి దగ్గర దారం తీసే కుటుంబాలు మనకు తెలిసినవే. గూళ్ళను వేడినీళ్ళలో ఉడికిస్తేగాని పోగు ఊడిరాదు. నీళ్ళు కాగాలంటే చాలాచోట్ల కట్టెలే దిక్కు. ఆ పోగే ధర్మవరం మగ్గాల మీద చీర అవుతుంది. చీరకు పొగ వాసన ఉండదు. పొయ్యి ముందు కూర్చున్న తల్లి కళ్ళకు మాత్రం ఆ మంట తప్పదు.

"జీవ ఇంధనం" అన్న మాట పత్రికల్లో కొత్తగా కనిపిస్తున్నా, కట్టె, పిడక, వేరుశనగ పొట్టు మన సీమలో ఏనాటి నుండో ఉన్న జీవ ఇంధనాలే. కనుక అది మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం కంటే, ఎవరి నేల నుండి వస్తోంది, ఎవరి పొయ్యికి చేరుతోంది అని అడగడం మేలు.

ముందు పెద్ద లెక్కలు చూద్దాం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుండి కార్లు తయారవుతున్నాయి. 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే స్థాయికి చేరుకున్నాం. ఈ ఇథనాలు చెరకు నుండి, మొక్కజొన్న నుండి, నూకల నుండి వస్తుంది. ఇక 2024 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్ల కోసం రిలయన్స్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 65,000 కోట్ల రూపాయలన్నారు. మొదటిదానికి 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో శంకుస్థాపన జరిగింది. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, దాన్ని మురగబెట్టి గ్యాసు తీయాలన్నది ఆలోచన.

ఈ "బంజరు" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. రికార్డులో బంజరు అని రాసి ఉన్న నేలే ఊరి గొర్రెలకు, మేకలకు మేత. భూమి లేని ఇల్లాలికి కంపకట్టెలు దొరికేదీ అక్కడే. మన ప్రాంతంలో సాలుకు సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. నేపియర్ గడ్డి మాటిమాటికి కోతకు రావాలంటే నీరు, ఎరువు రెండూ కావాలి. కౌలు దొరికి, కూలి దొరికితే సంతోషమే. కాని ఆ నీళ్ళు ఏ బోరు నుండి వస్తాయో గ్రామసభలో ముందే అడగవలసినవారం మనమే.

ఇలా ఆశపడటం మనకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళ కిందట అడవి ఆముదం నాటితే డీజిల్ పండుతుందన్నారు, నీళ్ళు అక్కరలేదన్నారు. నీళ్ళు లేకున్నా ఆ చెట్టు చావదు, నిజమే. గింజలు మాత్రం రావు.

మేలు జరిగిన చోట్లూ ఉన్నాయి. ఆదిలాబాదు ప్రాంతంలోని పవర్‌గూడ గిరిజన మహిళలు కానుగ గింజల నూనె తీసే పని చేపట్టారు. ఆ నూనె డీజిల్‌కు బదులుగా వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కను 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లకు కొన్నది. సొమ్ము కొంచెమే, కాని అది వారి చేతికే వచ్చింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలా? పెనుకొండ నుండి బెంగళూరు దారిలో సరిహద్దు దాటగానే బాగేపల్లి. రాష్ట్రం కర్ణాటక, ఇళ్ళలో మాట ఎక్కువగా తెలుగే. అక్కడి కూలీ సంఘం అప్పటి కోలారు జిల్లాలో 5,500 ఇళ్ళకు బయోగ్యాస్ ప్లాంట్లు కట్టించే పథకం పెట్టుకుంది. 2005 డిసెంబరులో అది ఐక్యరాజ్య సమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం కింద నమోదైంది. కట్టెలు, కిరసనాయిలు మానడం వల్ల తగ్గిన కాలుష్యాన్ని లెక్కగట్టి అమ్మితే వచ్చే సొమ్మే దానికి ఆధారం.

ఒక్కో ప్లాంటు రెండు ఘనపు మీటర్లది. రోజుకు సుమారు 50 కిలోల పేడను అంతే నీటితో కలిపి పోస్తే, నలుగురైదుగురు ఉన్న ఇంటి వంటకు సరిపడే గ్యాసు వస్తుంది. బయటికి వచ్చే పేడనీళ్ళు మళ్ళీ చేనికే ఎరువు. పిడకను కాలిస్తే బూడిదే మిగిలేది. ఇక్కడ పొయ్యికి మంట దక్కింది, నేల బలం నేలకే తిరిగివచ్చింది. ఆదికాండము రెండవ అధ్యాయంలో దేవుడు మానవునికి తోటను సాగుచేయమనే కాదు, కాపాడమని కూడా అప్పగించాడు. ఆ రెండు పనులూ ఒకే గుంతలో జరగడం నాకు ముచ్చటగా తోస్తుంది.

ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వెలువరించిన "లౌదాతో సీ" విశ్వలేఖ 179వ పేరాలో, స్థానికులే సహకార సంఘాలుగా ఏర్పడి తమకు కావలసిన శక్తిని తామే తయారుచేసుకుంటున్న చోట్లను మెచ్చుకున్నారు. బాగేపల్లి అటువంటి దారిలోనిదే.

అయితే చిక్కు కూడా చెప్పాలి. 50 కిలోల పేడ కావాలంటే నాలుగైదు పశువులుండాలి. కరువు వచ్చి ఎద్దులను సంతకు తోలుకుపోయిన ఇంట్లో ప్లాంటు ఎండిపోతుంది. ఒక్క ఆవు ఉన్న ఇంటికి అది చేతకాదు. రెండు మూడు ఇళ్ళు కలిసి పేడ పోసుకుంటే కుదరవచ్చు. కలిసి పోసుకుంటే గ్యాసు పంచుకోవడంలో పేచీ వస్తుంది, అదీ నిజమే. మేస్త్రీ గోపురాన్ని పగుళ్ళు లేకుండా కట్టాలి, లేకుంటే గ్యాసు నిలవదు.

కాబట్టి మీ విచారణలో ఎవరైనా ప్లాంటు కట్టుకోవాలని ముందుకు వస్తే, సబ్సిడీ ఎంత అని అడగడానికి ముందు రెండు సంగతులు అడగండి: వేసవిలో ఇంట్లో ఎన్ని పశువులు మిగులుతాయి, వాటికి తాగునీరు పోగా రోజుకు రెండు మూడు బిందెల నీళ్ళు మిగులుతాయా.