కంపెనీ గేటు దగ్గర నిలబడే కుర్రాళ్లకు

ఖరగ్‌పూర్‌లోని మన ఇందా పేట కుర్రాళ్లు విదేశీ కంపెనీల కొత్త ఫ్యాక్టరీల్లో చేరొచ్చా అని తరచూ అడుగుతుంటారు. ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో రిటైరైన నాకు తెలిసింది చెబుతాను. వినడం, మానడం మీ ఇష్టం.

1. విదేశీ కంపెనీ మనకి కొత్తేమీ కాదు. మన తాతలు చేరిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో లండన్‌లో పుట్టిన కంపెనీ. సర్కారు చేతికి వచ్చింది 1944లోనే. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డారంటే ఆ కొలువుల వల్లే.

2. ఆ కొలువులకు భద్రత కంపెనీ పిలిచి ఇచ్చింది కాదు. 1927లో ఇక్కడి వర్క్‌షాపులో మనుషుల్ని తగ్గించబోతే సమ్మెలు జరిగాయి, లాకౌటూ పడింది. అప్పుడు యూనియన్ నడిపినవాళ్లలో వి.వి. గిరి గారు ఒకరు. తర్వాత రాష్ట్రపతి అయ్యారు కదా, ఆయనే.

3. వచ్చిన పని ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. టాటా హిటాచీలో పెద్ద వాటా జపాన్ కంపెనీది. జంషెడ్‌పూర్‌లో చేసే ఎక్స్‌కవేటర్ల పనిని టాటా హిటాచీ ఖరగ్‌పూర్‌కి మార్చింది. మనకి సంతోషమే. కానీ అక్కడ దాన్నే నమ్ముకున్న చిన్న వర్క్‌షాపుల వాళ్ల సంగతి? లెక్కలు కుదిరితే రేపు ఇక్కడి నుంచీ కదులుతుంది.

4. గేటుపాసు చదవండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. పాసు మీద పెద్ద కంపెనీ గుర్తు ఉంటుంది. ఇంట్లో అందరికీ చూపిస్తారు, పెళ్లిచూపుల్లో కూడా ఆ పేరే చెబుతారు. అడుగున చిన్న అక్షరాల్లో మాత్రం కాంట్రాక్టరు పేరుంటుంది. మీకు జీతమిచ్చేది అతనే. అతని టెండరు అయిపోతే కొత్తవాడు వస్తాడు, పదేళ్లు చేసినవాడు కూడా మళ్లీ మొదటి రోజు మనిషే అవుతాడు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంతో వచ్చిన మాట. ఆ హక్కు అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. అందుకే జీతం చీటీ ప్రతి నెలా అడిగి తీసుకోండి. సూపర్‌వైజరు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

5. హెల్పరుగా చేరి హెల్పరుగానే ఉండిపోకండి. వెల్డింగో, హైడ్రాలిక్సో నేర్చుకుని సర్టిఫికెట్ సంపాదించండి. అది మరో గేటు దగ్గరా చెల్లుతుంది.

6. చేరిన నెలలోనే పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు అడగండి. ఫోన్లో పాస్‌బుక్కు తెరిచి డబ్బు పడుతోందో లేదో చూసుకోండి. చేతకాకపోతే సాయంత్రం మా ఇంటికి రండి, మా మనవరాలు చూపిస్తుంది.