నడుము కొలత చెప్పే సంగతి

పెద్దవారెవరైనా కాస్త ఒళ్ళు చేస్తే "నాలుగు రాళ్ళు వెనకేసినట్టున్నాడు" అంటుంటారు. ఆ ఒంట్లో పేరుకున్న కొవ్వు ఏం చేస్తుందో తెలుసుకుందామా?

ఖర్చుకాని ఆహారశక్తిని మన శరీరం కొవ్వుగా దాచుకుంటుంది. ఒక గ్రాము కొవ్వు సుమారు 9 కిలోకేలరీల శక్తినిస్తుంది. తిండి దొరకని రోజుల్లో ప్రాణం నిలిపేది ఈ నిలవే. కాని కొవ్వు గాదెలో ధాన్యంలా ఊరకే పడి ఉండదు. పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరిన కొవ్వు నుంచి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి చేరుతుంటాయి. అవి ఎక్కువైతే కాలేయం, కండరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. లోటు తీర్చడానికి క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. కొన్నేళ్ళకు అదీ అలసిపోతే రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. ఇదే రెండవ రకం మధుమేహం.

అధిక బరువు వల్ల రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం, పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశమూ పెరుగుతుంది. కాలేయంలోనూ కొవ్వు చేరవచ్చు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావచ్చు. నడిచేటప్పుడు మోకాలిపై శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం పడుతుంది గనుక కీళ్ళూ త్వరగా అరుగుతాయి.

బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే శరీర ద్రవ్యరాశి సూచిక వస్తుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉంటే 64 ÷ (1.6 × 1.6) = 25. సాధారణంగా 25 నుంచి అధిక బరువు, 30 నుంచి స్థూలకాయం అంటారు. అంతే బరువున్నా భారతీయులకు పొట్టలో కొవ్వు ఎక్కువగా చేరుతుంది. అందుకే మనకు ఆ హద్దులు 23, 25.

నిరాశపడనక్కరలేదు. గ్లూకోజు హద్దు దాటబోతున్న మూడువేలకు పైగా పెద్దవారిపై అమెరికాలో జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది.

చేసి చూడండి: దర్జీ టేపుతో ఇంట్లో పెద్దవారి నడుము కొలవండి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు నడుమ, ఊపిరి వదిలాక కొలవాలి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకోమనండి. ఎవరినీ ఎగతాళి చేయవద్దు. వంశం, నిద్రలేమి, కొన్ని మందులు కూడా బరువును పెంచుతాయి. ఈ హద్దులు ఎదుగుతున్న మీకు వర్తించవు. సాయంత్రం వారితో కలిసి అరగంట నడవడం మాత్రం మీకూ మంచిదే!