తండ్రి పోయాక రైతు సాయం ఆగిపోతే…

ప్రశ్న: మాది పత్తికొండ దగ్గర పల్లె. మూడెకరాల మెట్టలో వేరుశనగ వేస్తాం. నాన్న పోయినప్పటి నుంచి పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ డబ్బులు రావడం లేదు. భూమి ఇంకా ఆయన పేరునే ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు భూమి మీ పేరుకు మారాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి సచివాలయంలోగానీ మీసేవలోగానీ మ్యుటేషన్‌కు దరఖాస్తు చేయండి. 1బీ భూరికార్డులో మీ పేరు ఎక్కిందో లేదో స్వయంగా చూసుకోండి. పీఎం కిసాన్‌లో 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి సాయం రాదు. వారసత్వంగా వచ్చినదానికి మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి దిగులు పడకండి.

తర్వాత రైతు సేవా కేంద్రంలో పేరు నమోదు చేయించి, ఈకేవైసీ పూర్తిచేయండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమైందో లేదో కనుక్కోండి. కేంద్రం ఏడాదికి 6,000, రాష్ట్రం 14,000, కలిపి 20,000 రూపాయలు మూడు విడతల్లో జమ కావాలి.

కరువు మండలంగా ప్రకటించినప్పుడు వచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ వేరు. దానికి ఈ-పంట నమోదే ఆధారం. విత్తనం పడగానే నమోదు చేయించుకోండి.

అన్నదమ్ముల పంపకం తేలలేదని మ్యుటేషన్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేయకండి. వాన మీదే బతికే సీమ రైతుకు అదునుకు అందే ఈ పథకాల డబ్బు విత్తనాల ఖర్చుకు పెద్ద ఆసరా. సందేహముంటే 155251కు ఫోన్ చేయండి.