కోలుకొను రోగికి చేప: పథ్యమా, అపథ్యమా?

బంట్వారము వంటి పల్లెలలో ఎవరికైనను కడుపునకు శస్త్రచికిత్స జరిగినదన్నచో, రోగి ఇల్లు చేరిన నాటినుండియే పథ్యము ఆరంభమగును. వంకాయ వాతమనియు, గుడ్డు వేడియనియు, చేప తినిన కుట్లు చీము పట్టుననియు పెద్దలు నిషేధింతురు. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో దీనినే పర్హేజ్ అందురు. పేరు వేరైనను భయము ఒక్కటే. ఈ భయము బరువు తగ్గించు శస్త్రచికిత్స చేయించుకొనిన వారి విషయమున ఎంత నష్టము కలిగించునో తెలుపుటకే మేము ఈ వ్యాసము వ్రాయబూనితిమి.

మన వికారాబాదు ప్రాంతమునకు కోలుకొనుటయన్నది క్రొత్త విషయము కాదు. అనంతగిరి కొండలపై క్షయరోగుల చికిత్సాలయము వెలసినది. క్షయకు మందులు లేని కాలమున అట్టి చికిత్సాలయములలో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము ఇచ్చి చిక్కిపోయిన దేహమునకు కండ పట్టించుటయే వైద్యము. నేడు అదే ప్రాంతమునుండి స్థూలకాయముతో, మధుమేహముతో బాధపడువారు బరువు తగ్గించుకొనుటకు హైదరాబాదు ఆసుపత్రులకు పోవుచున్నారు. కాలము ఎంత తలక్రిందులైనదో!

ఈ శస్త్రచికిత్సలలో జీర్ణాశయమును చిన్నదిగా చేసి, ప్రేవులకు మార్గము మళ్ళించు పద్ధతిని 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు ఆరంభించెను. ఇందు మిగులు జీర్ణాశయపు సంచి సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే. నేడు ఎక్కువగా జరుగు మరియొక పద్ధతిలో జీర్ణాశయమున ముప్పాతిక భాగమునకు పైగా కోసి తీసివేసి, సన్నని గొట్టము వంటి దానిని మిగుల్చుదురు. ఏ పద్ధతియైనను ఫలితమొక్కటే: తొలి వారములలో రోగి ఒక పూటకు కొద్ది చెంచాలకు మించి తినజాలడు.

చిక్కు ఇచ్చటనే కలదు. గాయము మానుటకును, కండ కరగకుండుటకును దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెనని వైద్యులు చెప్పుదురు. పట్టెడంత కడుపులో అన్నము, గంజి నింపినచో మాంసకృత్తులకు చోటెక్కడ? తాండూరు కందిపప్పు 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన మేలైన పప్పే. పచ్చి పప్పు 100 గ్రాములలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు కలవు. కాని వండినప్పుడు నీరు చేరి ఆ లెక్క మూడవ వంతునకు దిగిపోవును. చేపలో 100 గ్రాములకు 17 మొదలు 20 గ్రాముల వరకు ఉండును.

పరిమాణమొక్కటే కాదు, మెత్తదనమును చూడవలెను. మేక మాంసమున కండపోగులు పొడవైనవి, వానిని బంధించు పీచు అధికము. క్రొత్తగా శస్త్రచికిత్స జరిగినవారికి అది గొంతు దిగిన పిమ్మట అడ్డుపడినట్లై వాంతి కలిగించును. చేప కండ పొరలు పొరలుగా, పొట్టి పోగులతో ఉండును. పొరల నడుమ పలుచని పీచు కొద్దిపాటి వేడికే కరగును. అందువలననే ఉడికిన చేప వ్రేలితో తాకగనే విడిపోవును.

ఇక చీము మాట. చీము పట్టుటకు కారణము సూక్ష్మజీవులే గాని చేప కాదు. చెడిన చేప తిని కొందరు, చేప సరిపడక దద్దురులతో మరికొందరు బాధపడుట చూచి పెద్దలు ఈ నియమము పెట్టియుందురని మాకు తోచుచున్నది. సరిపడనివారు మానవలసినదే. తక్కినవారిని పస్తుంచుట న్యాయము కాదు. చేప, పాలు కలిసిన బొల్లి మచ్చలు వచ్చునను మాటకును ఆధారము లేదు.

అయితే ఎప్పుడు, ఎట్లు తినవలెను? శస్త్రవైద్యుడు ఇచ్చిన పట్టికయే ప్రమాణము. సాధారణముగా మొదటి రెండు వారములు ద్రవములే. పిదప రెండు వారములు మెత్తగా మెదిపినవి. అప్పుడే చేపకు ప్రవేశము. ఆవిరిపై ఉడికించి, ముళ్ళు తీసి, పెరుగుతోనో పలుచని రసముతోనో మెదిపి ఒకటి రెండు చెంచాలు పెట్టవలెను. అటు తరువాత మెత్తని ముక్కలు. ఆరు లేక ఎనిమిది వారములకు మామూలు ఆహారము.

ముళ్ళ విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. కోట్‌పల్లి జలాశయమునను, మన చెరువులలోను దొరకు రవ్వ, బొచ్చె చేపల కండలో చీలిన సన్నముళ్ళు దాగియుండును. ఆరోగ్యవంతుడు నాలుకతో ఏరి ఉమియగలడు. ఇరుకైన క్రొత్త మార్గము గలవానికి అవి ప్రమాదకరములు. తెలంగాణ రాష్ట్ర మత్స్యమైన కొర్రమీనుకు నడుమ ముల్లు తప్ప సన్నముళ్ళ బెడద లేనట్లే. వెల ఎక్కువయైనను రోగికి అదియే తగినది.

సముద్రము మనకు దూరము. మంచులో వచ్చు సముద్రపు చేపను మొప్పలు ఎఱ్ఱగా నున్నవో లేదో చూచి కొనవలెను. హృదయమునకు మేలుచేయు క్రొవ్వు సముద్రపు చేపలలో హెచ్చుగా నున్నను, మాంసకృత్తులలో చెరువు చేప తీసిపోదు. రొయ్యలు, ఎండ్రకాయలు బలకరములేగాని ఎక్కువ ఉడికిన రబ్బరువలె గట్టిపడును. రెండవ నెల దాటువరకు వద్దు. రొయ్యల ధర్మాధర్మములపై హనఫీ పండితులలో భేదాభిప్రాయము కలదు. చేపకు జబహ్ కూడ అక్కరలేదు గనుక ఆ చింత లేదు. ఎండుచేపలు ఉప్పు, గట్టిదనము రెండింటివలనను తగవు. నూనెలో వేయించిన ముక్కలును అంతే.

తినుటలో చేప ముందు, జొన్నరొట్టెయో అన్నమో తరువాత. ముద్దను ఇరువది ముప్పది మారులు నమలి, కడుపు నిండిన తొలి సూచనకే ఆపవలెను. భోజనముతో నీరు త్రాగరాదు, అరగంట ఆగవలెను. చేప తినుచున్నాము గదా యని బి-12, ఇనుము, కాల్షియము మాత్రలు మానుట పొరపాటు. మారిన జీర్ణాశయము ఆహారములోని బి-12ను మునుపటివలె గ్రహింపజాలదు. వాంతులు ఎడతెగక సాగినచో థయమిన్ కొరతచే నరములు దెబ్బతినును. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మృగశిర కార్తె నాడు మన ఇండ్లన్నిట చేపల పులుసు ఉడుకును. మెత్తని ఆహారమునకు వచ్చిన రోగి ఇంట నున్నచో, కారము, చింతపండు పడకమునుపే రెండు కొర్రమీను ముక్కలు వేరుగా తీసి, జీలకర్ర, పసుపు, చిటికెడు ఉప్పుతో ఉడికించి పెట్టుడు. అందరితోబాటు పండుగ భోజనమునకు కూర్చుండిన తృప్తి అతనికి కలుగును.