బరువెక్కిన చేతుల క్రింద ఒక రాయి

వాక్యభాగము: నిర్గమకాండము 17:8-13



మన ఫెలోషిప్‌లో చాలామందిమి రోజుకు ఎనిమిది, పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లమే. నడుము నొప్పి మనకు కొత్త కాదు. కొందరికి మందులు, ఫిజికల్ థెరపీ, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక స్పైనల్ ఫ్యూజన్ ఆపరేషన్ వరకు వెళ్లవలసి వస్తుంది. నాకూ అలాగే వచ్చింది. క్రింద పడిన సాక్సు తీసుకోవడానికి కూడా ఇంకొకరిని పిలవవలసి రావడం నొప్పికంటే కష్టంగా ఉండేది. ఆ నెలల్లో నన్ను ఆదరించిన వాక్యభాగం ఇది. మీరు గాని, మీ ఇంట్లోవారు గాని ఇప్పుడు అదే దారిలో ఉంటే ఈ పాఠం మీకోసమే.

రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం జరుగుతోంది. యెహోషువ క్రింద పోరాడుతున్నాడు, మోషే కొండమీద చేతులెత్తి నిలబడ్డాడు. కాసేపటికి ఆ చేతులు బరువెక్కాయి. ఎర్ర సముద్రం మీద చాపిన చేయి కూడా అలసిపోయింది! ఇందుకు మోషేను ఎవరూ గద్దించలేదు, నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. అక్కడ మూడు సంగతులు జరిగాయి: కూర్చోవడానికి ఒక రాయి వేశారు, ఇద్దరు మనుష్యులు చెరొక వైపు చేతులు పట్టుకున్నారు, ప్రొద్దు గ్రుంకే వరకు అలాగే ఉన్నారు. మనకూ ఈ మూడూ కావాలి.

1. రాయి: సాధనాలను సిగ్గుపడకుండా వాడండి

ఆపరేషన్ తర్వాత డాక్టరు చెప్పే ముఖ్యమైన నియమాలు మూడు: వంగకూడదు, బరువు ఎత్తకూడదు, నడుము మెలితిప్పకూడదు. మొదటి వారాల్లో బరువుకు సాధారణంగా పెట్టే హద్దు సుమారు 10 పౌండ్లు. ఒక గ్యాలన్ పాలు దాదాపు 8.6 పౌండ్లు ఉంటాయి. అంటే 20 పౌండ్ల బియ్యం సంచి, నిండుగా ఉన్న పెద్ద కుక్కరు, ఏడాది వయసు పాప, ఇవన్నీ హద్దు దాటినవే. పాపను ఎత్తుకోవాలనిపిస్తే మీరు సోఫాలో కూర్చోండి, ఎవరైనా తెచ్చి ప్రక్కన కూర్చోబెడతారు.

వాకర్, ఎత్తు పెంచిన టాయిలెట్ సీటు, స్నానానికి కుర్చీ, క్రింది వస్తువులు అందుకునే గ్రాబర్, వంగకుండా తొడుక్కునే చెప్పులు ఆపరేషన్‌కు ముందే ఇంట్లో ఉంచుకోండి. రోజూ వాడే గిన్నెలు, పోపు డబ్బా నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులోకి మార్చండి. మంచం దిగేటప్పుడు మోకాళ్లు ముడిచి, భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా దుంగలాగా ప్రక్కకు తిరగండి. తర్వాత కాళ్లు క్రిందికి దించుతూ చేతులతో నెట్టుకుని లేవండి.

కుటుంబ ప్రార్థనలో అందరూ క్రింద కూర్చుంటే మీరు కుర్చీలో కూర్చోవడానికి మొహమాటపడకండి. మోషే కూడా కూర్చునే చేతులెత్తాడు.

2. అహరోను, హూరు: సహాయం పుచ్చుకోండి

ఇవ్వడం మనకు బాగా వచ్చు. పుచ్చుకోవడమే రాదు. నా పాదాలు నువ్వు కడగకూడదని పేతురు ప్రభువుతోనే అన్నాడు (యోహాను 13). మన ఇళ్లలో ఇల్లాలు మంచంమీద ఉంటే వంటిల్లు ఏమవుతుందోనని కుమిలిపోతుంది, మగవాడు స్నానానికి సహాయం అడగడానికి నామోషీ పడతాడు. చేతులు పట్టుకోనివ్వడం కూడా ఆ దినాన మోషే చేసిన పనే.

అడిగేటప్పుడు వివరంగా అడగండి. మంగళవారం పిల్లలను స్కూలు నుంచి తీసుకురావడం, గురువారం భోజనం, చెత్త డబ్బాలు రోడ్డు దగ్గర పెట్టడం అని ఒక జాబితా వ్రాసి సంఘంలో ఒకరికి ఇవ్వండి. ఇండియా నుంచి అమ్మో అత్తమ్మో వచ్చి ఉంటే భారమంతా ఆమె మీదే వేయకండి. ఆమెకూ నడుము ఉంది. అందుకే అహరోను ఒక్కడే కాక హూరు కూడా ఉన్నాడు.

చూడటానికి వెళ్లేవారికి ఒక మనవి. పదిహేను నిమిషాలు చాలు, గుంపుగా వెళ్లకండి. ఓపియాయిడ్ నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి, కాబట్టి వేపుళ్లకు బదులు పప్పు, ఆకుకూరలు, పండ్లు పట్టుకెళ్లండి. మీకు పనిచేసిన మాత్రలు మాత్రం ఇవ్వకండి. ఐబుప్రోఫెన్ లాంటివి ఎముక అతుక్కోవడానికి అడ్డు రావచ్చని కొందరు సర్జన్లు కొంతకాలం వద్దంటారు.

3. ప్రొద్దు గ్రుంకే వరకు: తొందరపడకండి

స్క్రూలు, రాడ్లు వెన్నుపూసలను కదలకుండా పట్టి ఉంచుతాయి, అంతే. అసలు కలపవలసినది బోన్ గ్రాఫ్ట్ మీద పెరిగే మీ సొంత ఎముక. దానికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది పడుతుంది. పైన కుట్లు కొన్ని వారాల్లోనే మానిపోతాయి. బాగైపోయిందనుకుని బరువులు ఎత్తే ప్రమాదం అప్పుడే ఉంది. ఎముక అతుక్కోకపోతే లోహం కూడా వదులవుతుంది, విరగవచ్చు కూడా. పొగ త్రాగడం ఎముక పెరుగుదలను దెబ్బతీస్తుంది.

అలాగని మంచం పట్టకూడదు. నడకే మందు. రోజుకు కొన్నిసార్లు కొద్దికొద్దిగా, మొదట హాల్లో, తర్వాత మెయిల్‌బాక్స్ వరకు, ఆ తర్వాత వీధి చివరి వరకు. ఓపియాయిడ్ మందులు వాడుతున్నంతకాలం కారు నడపవద్దు.

ఉద్యోగం గురించి భయం ఉంటుంది. అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం ప్రకారం అర్హులైనవారికి జీతం లేకపోయినా ఉద్యోగం పోకుండా 12 వారాల సెలవు ఉంది. ఆ సంస్థలో 12 నెలలు, గడచిన ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి ఉండాలి, 75 మైళ్ల లోపల 50 మంది ఉద్యోగులు ఉండాలి. ఆపరేషన్‌కు ముందే హెచ్.ఆర్.తో మాట్లాడండి.

జ్వరం, గాయం నుంచి చీము, పిక్కలో వాపు లేదా నొప్పి ఉంటే అదే రోజు సర్జన్‌కు ఫోన్ చేయండి. కాళ్లలో కొత్తగా బలహీనత, తొడల మధ్య తిమ్మిరి, మలమూత్రాలపై అదుపు తప్పడం, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఆగవద్దు. ముందు 911, తర్వాతే వాట్సాప్ గ్రూపులో ప్రార్థన విన్నపము. దిగులు రెండు వారాలు దాటి వదలకపోతే అది కూడా డాక్టరుకు చెప్పండి.

ముగింపు

సాయంకాలం దాకా మోషే చేతులు వాలలేదు. వాటి స్థిరత్వాన్ని చెప్పడానికి హెబ్రీ మూలంలో ఉన్న మాట ‘ఎమూనా’. హబక్కూకు 2:4లో నీతిమంతుని విశ్వాసం గురించి చెప్పినచోట వచ్చేదీ ఈ మాటే. రాయి మీద కూర్చుని, ఇద్దరి ఆసరాతో నిలిచిన చేతులకు లేఖనం ఆ మాట వాడింది. మీరు ఒంటరిగా నిలబడలేని ఈ దినాలకు కూడా అది వర్తిస్తుంది.

ఆలోచించండి, చర్చించండి

1. మీరు వద్దంటున్న ‘రాయి’ ఏమిటి? ఎందుకు వద్దంటున్నారు?
2. ఈ వారం ఏ ఒక్క పనికి, ఎవరిని సహాయం అడుగుతారు?
3. మన ఫెలోషిప్‌లో ఇప్పుడు ఎవరి చేతులు బరువెక్కి ఉన్నాయి? మనలో ఎవరు ఏ వైపు నిలుస్తాం?

ప్రభువు మీ చేతులను బలపరచును గాక. ఆమేన్.