తక్కువ ఖర్చుతో యాక్టివ్ క్రాసోవర్

స్పీకర్ పెట్టె ముందున్న గుడ్డ తీసి చూస్తే సాధారణంగా ఒక పెద్ద కోన్, దాని పైన ఒక చిన్న గుమ్మటం కనిపిస్తాయి. పెద్దది ఊఫర్, మృదంగం, తబలాల మంద్ర ధ్వనులు దాని పని. చిన్నది ట్వీటర్; తాళాల గలగల దాని వంతు. మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వింటుంది. అంతటినీ ఒకే డ్రైవర్ చక్కగా పలికించలేదు. అందుకే ఈ పని విభజన. దాన్ని చేసే సర్క్యూట్ క్రాసోవర్.

మామూలు పెట్టెల్లో ఇది యాంప్లిఫయర్‌కూ డ్రైవర్లకూ మధ్య ఉంటుంది. అక్కడ నిరోధం సుమారు 8 ఓమ్‌లే కాబట్టి, 2,000 హెర్ట్జ్‌ల దగ్గర విడదీయడానికి 10 మైక్రోఫారడ్‌ల స్థాయి కెపాసిటర్లు, రాగి తీగ చుట్టలు కావాలి. పైగా డ్రైవర్ నిరోధం పౌనఃపున్యంతో మారుతూ ఉంటుంది కనుక లెక్క తప్పుతుంది.

యాక్టివ్ క్రాసోవర్ యాంప్లిఫయర్‌కు ముందే సిగ్నల్‌ను విడదీస్తుంది. ఇక్కడ నిరోధం కిలో ఓమ్‌లలో ఉంటుంది. కాబట్టి వెయ్యో వంతు, అంటే 10 నానోఫారడ్‌ల కెపాసిటర్ సరిపోతుంది. తీగ చుట్టలతో పనే లేదు.

ఏ ఫిల్టర్?

సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ 1976లో ప్రచురించిన పద్ధతి నేటికీ ప్రామాణికం. సహచరుడు రస్ రైలీ పేరు కూడా కలిపి దాన్ని లింక్విట్జ్-రైలీ ఫిల్టర్ అంటారు. విభజన బిందువు వద్ద రెండు దారుల్లోనూ వోల్టేజి సగానికి తగ్గుతుంది. రెండూ ఒకే దశలో ఉండటంతో కలిసి పూర్తి ధ్వని వస్తుంది. ఆ బిందువుకు బాగా ఆవల, పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ ఊఫర్‌కు వెళ్లే వోల్టేజి సుమారు 16వ వంతుకు పడిపోతుంది.

నిర్మాణం

5.6 కిలో ఓమ్ రెసిస్టర్లు, 10 నానోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్లు చాలు. విభజన సుమారు 2,010 హెర్ట్జ్‌ల వద్ద జరుగుతుంది. ఊఫర్ దారిలో ప్రతి ఆప్-యాంప్ ముందు రెండు రెసిస్టర్లు వరుసగా వస్తాయి. వాటి నడిమి బిందువు నుంచి అవుట్‌పుట్‌కు రెండు కెపాసిటర్లు సమాంతరంగా, ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు ఒకటి కలపాలి. మైనస్ ఇన్‌పుట్‌ను నేరుగా అవుట్‌పుట్‌కు కలపాలి. ఇలాంటి అంచెలు రెండు.

ట్వీటర్ దారిలో స్థానాలు తారుమారవుతాయి: రెండు కెపాసిటర్లు వరుసగా, నడిమి నుంచి అవుట్‌పుట్‌కు ఒక రెసిస్టర్, ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు రెండు రెసిస్టర్లు వరుసగా.

మొత్తం స్టీరియోకు 20 రెసిస్టర్లు, 20 కెపాసిటర్లు, నాలుగు ఎన్ఈ 5532 లేదా టీఎల్ 072 చిప్‌లు. ఇన్‌పుట్ బఫర్‌కు మరొకటి. ప్లస్, మైనస్ 12 వోల్టుల సరఫరా కావాలి. యాంప్లిఫయర్ చానళ్లు మాత్రం నాలుగు అవసరం. అసలు ఖర్చు అక్కడే.

జాగ్రత్త

ట్వీటర్ ఇప్పుడు నేరుగా యాంప్లిఫయర్‌కు కలుస్తుంది. స్విచ్ వేసినప్పుడు వచ్చే ఒక్క కుదుపు దాని సన్నని చుట్టను మాడ్చేయగలదు. 47 మైక్రోఫారడ్‌ల బైపోలార్ కెపాసిటర్‌ను ట్వీటర్‌తో వరుసగా పెడితే డీసీ ఆగుతుంది. దారులు తారుమారు కాలేదని ముందు ఊఫర్‌తోనే, తక్కువ వాల్యూమ్‌లో పరీక్షించాలి: ట్వీటర్ దారి అవుట్‌పుట్ ఇచ్చినప్పుడు మంద్ర ధ్వని వినిపించకూడదు. ఆ తర్వాతే ట్వీటర్‌ను కలపాలి.