లడఖ్: బిడారుల బాట, చూడదగిన చోటులు

లడఖ్ అనగానే మన విద్యార్థులకు పాంగాంగ్ సరస్సు నీలిమయే స్ఫురించును. చలనచిత్రములు, క్యాలెండర్లు ఆ పని చక్కగా చేసినవి. ఆ సరస్సు చూడదగినదే. కాని దానిని మాత్రమే చూచి మరలి వచ్చినవారు లడఖును సగమే చూచినారని మా అభిప్రాయము. 2011 జనాభా లెక్కల నాటికి ఆ ప్రాంతమున నివసించువారు 2,74,289 మంది మాత్రమే. అంత కొద్దిమందిలో ఇన్ని జాతులు, ఇన్ని భాషలు చేరుటకు ముఖ్య కారణము అక్కడి బాటలు. కనుక మనమును బాట వెంటనే పోవుదము.

శ్రీనగర్ నుండి లేహ్ నగరమునకు సుమారు 430 కిలోమీటర్లు. జోజిలా కనుమ దాటగానే కాశ్మీరపు పచ్చదనము అంతరించి, బోడికొండలు ఎదురగును. ద్రాస్ పిమ్మట కార్గిల్. ఇచటి ప్రజలలో అధికులు షియా ముస్లింలు. వారు మాటాడు పుర్గీ మాత్రము టిబెటన్ కుటుంబపు భాష. మతమును బట్టి భాషను ఊహించు అలవాటు గలవారికి ఈ ఊరు మంచి పాఠము. మరి 40 కిలోమీటర్లు పోయినచో ముల్బెఖ్ వద్ద, నిలువెత్తు బండపై చెక్కిన మైత్రేయ బుద్ధుడు దర్శనమిచ్చును. ఆపైన ఫోటులా కనుమ, లామాయూరు బౌద్ధారామము.

లేహ్ సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉన్నది. విమానమున వచ్చినవారు మొదటి ఒకటి రెండు దినములు విశ్రమింపక తప్పదు. 17వ శతాబ్దమున సెంగె నాంగ్యాల్ రాజు కట్టించిన తొమ్మిది అంతస్తుల కోట కొండపై నిలిచియుండగా, దాని దిగువన బజారులో అదే శతాబ్దపు జామా మసీదు కలదు. యార్కండు, కాశ్మీరము, పంజాబు, టిబెట్టుల వర్తకులు ఈ బజారుననే కలిసికొనెడివారు. స్థానిక స్త్రీలను వివాహమాడిన ముస్లిం వర్తకుల సంతతివారిని నేటికిని అర్గోన్‌లందురు. 1949 తరువాత యార్కండు దారి మూతపడినది. బిడారులు విడిసిన త్సాస్ సోమా తోటలో నేడు మధ్య ఆసియా మ్యూజియము ఉన్నది. నుబ్రా లోయలో హుందర్ ఇసుక తిన్నెలపై యాత్రికులు సవారి చేయు రెండు మూపురముల ఒంటెలు ఆ బిడారు ఒంటెల సంతతియే! 2025లో లడఖ్ అధికార భాషలుగా ప్రకటింపబడిన ఐదింటిలో భోటీ, పుర్గీలతో పాటు ఉర్దూ ఉండుట మన కళాశాల పాఠకులకు ప్రీతి గొలుపు విషయము.

నుబ్రా దాటి ష్యోక్ నది వెంట పోయినచో తుర్తుక్ గ్రామము వచ్చును. ఇచటివారు బల్తీలు. 1971 డిసెంబరు యుద్ధము వరకు ఈ గ్రామము పాకిస్తాను అధీనమున ఉండెను. ఊరు కదలలేదు, సరిహద్దు కదలినది. ఆ సమయమున పని మీదనో చదువు కొరకో ఆవలికి పోయినవారు ఆవలనే చిక్కుకొనిరి. భార్యాభర్తలు, అన్నదమ్ములు విడిపోయిరి. 2010లో గాని యాత్రికులకు ప్రవేశము లభింపలేదు. హైదరాబాదు విందులలో మనము తీపిగా ఆరగించు ఖుబానీ, అచట ఇంటింటి చెట్టుననే పండును. ఆ తోటలు చూడబోవువారు కొందరు తలుపు తట్టకయే పెరటిలో దూరి ఫొటోలు తీయుచున్నారు. అది మాకు హర్షణీయముగా తోచదు.

ఇక నీటి సంగతి. 1974లో లడఖును యాత్రికులకు తెరచిరి. లేహ్‌లో సంవత్సరమునకు కురియు వాన సుమారు 100 మిల్లీమీటర్లు. పొలములకైనను ఇండ్లకైనను మంచు కరగిన నీరే ఆధారము. సోనం వాంగ్‌చుక్ 2013-14లో ఆరంభించిన మంచు స్తూపములు, శీతకాలమున వృథాగా పారు నీటిని గడ్డకట్టించి వసంతమున చేలకు అందించు ఉపాయమే. అట్టి చోట హోటళ్ళు బోరుబావులు త్రవ్వి, నగరములలో వలె నీటిని పారబోయు మరుగుదొడ్లు కట్టుచున్నవి. పల్లెలలోని పాత ఇండ్లలో మాత్రము నీరు అక్కరలేని మరుగుదొడ్డి మేడ మీద ఉండును. వాడినవారు ఒక పార మన్ను క్రిందికి త్రోయుదురు. అది క్రింది గదిలో ఎరువుగా మారి, వసంతమున యవల పొలమునకు చేరును.